పరారీ గడి

మా బడికి ఏడు కంప్యూటర్లు.
ఒకటి చలికి లేవదు.
దాని నెత్తిన తన ఉన్ని టోపీ పెట్టి
జ్వరం చూసినట్టు చెయ్యి ఆనించేవాడు రుఫీనో.

పొతోసి. తొమ్మిదో తరగతి, చరిత్ర పీరియడ్.
కిటికీ నిండా ఒకటే కొండ.
అందులో వెండి ఎక్కడెక్కడికో పోయింది,
లెక్క మాత్రం మిగిలింది:
మూడువందల చిల్లర ఏళ్లనాటి వెట్టి చిట్టా,
నలభై ఒక్క పుటలు.
స్కాన్ చేయించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను సూక్రే నుంచి,
రాత్రి బస్సులో, రవికలో దాచుకుని.

సులువే అన్నాను పిల్లలతో.
పేరు ఒక గడి, ఊరు ఒక గడి,
వయసు, వచ్చాడా లేదా.
గడికి ఒక్క మాట.
ఎక్సెల్‌కి ఊగిసలాట గిట్టదు.

కరణానికి మాత్రం అదే ఇష్టంలా ఉంది.
ఒక్క గీత మీద ముగ్గురి సంగతి ఇరికించేవాడు.
"వచ్చాడు, దగ్గుతున్నాడు, అన్న బదులు."
ఇది ఏ గడిలో, టీచర్?
దగ్గుకి గడి లేదు.
మా నాన్న దగ్గు గుర్తొచ్చింది, చెప్పలేదు.
పక్కన రాసి పెట్టుకో అన్నాను.

'పరారీ' అన్న మాట తగిలినప్పుడల్లా
బల్లలు చరిచేవాళ్లు.
మొదట ఎవరో ఒకరు, తర్వాత అందరూ,
గోలు పడ్డట్టు.
లెక్కల మాస్టారు దోన్ ఎవారిస్తో తలుపు తోసి
ఎవరు గెలుస్తున్నారర్రా అని అడిగాడు.
"చూరా!" అన్నారు.
చయంతా ఊరి పేద్రో చూరా, పదహారో పుట.
ఆయన కాసేపు నిలబడి
ఆ ఆటగాడు ఏ జట్టో తేల్చుకోలేక వెళ్లిపోయాడు.

ఆ తర్వాత సెనోబియా కంప్యూటర్ మీద
గ్వరాచి,
వరాచె,
హ్వరాచి,
గురాచ్.
నలుగురూ దియేగోలే.
"ఇవి ఒకే పేరు కావచ్చు, కలపమంటారా?"
సాఫ్ట్‌వేర్ మర్యాదగానే అడిగింది.
కింద నీలం బొత్తం.

నేనైతే నొక్కేదాన్నే.
శిక్షణలో అలాగే నేర్పారు,
ముందు చెత్త ఊడ్చు, తర్వాత లెక్కపెట్టు.
కలిపితే నలుగురూ ఒకడవుతారు.
ఆ ఒకడు ఫిబ్రవరిలో చచ్చిపోయి
పై ఆగస్టులో పారిపోతాడు.

అందరం నవ్వాం.
సెనోబియా నవ్వలేదు.
"కరణానికి చెవుడు లేదు టీచర్.
వీడే ఏటికో రకంగా చెప్పుకున్నాడు,
మా మామ్మ జనాభా లెక్కలవాళ్లకి
వయసు చెప్పినట్టు."

మరి చచ్చిపోయినవాడు?

"వాడు వేరే. కాదంటే,
చచ్చాడని వాళ్ల ఊరివాళ్లే రాయించారు."

ఆధారం? అన్నాను.
జీతం ఇచ్చేది ఆ ఒక్క మాటకే కదా.
ఆ పిల్ల తెర వైపు వేలు చూపించింది.
నాలుగు వరసలు, నాలుగు గురాచులు.
కాకిలెక్క అంటే రాసినవాడి తప్పనే
ఇన్నేళ్లూ అనుకున్నాను.
లెక్కలో పడ్డవాడి తెలివి కావచ్చని తోచనే లేదు.

బొత్తం నొక్కలేదు.
ఇంకో గడి తెరిచి 'తెలీదు' అని పేరు పెట్టాం.
రెండు వారాల్లో
అన్నిటికన్నా నిండింది అదే.
పై అధికారి వచ్చి చూస్తే
ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు.

సోమవారం నుంచి రుఫీనో రావడం లేదు.
వాళ్లన్న నడుము పోయిందట.
అన్న బదులు దిగుతున్నాడు.
ఈ మాట చెప్పింది ఎవరో కూడా
పుట చదువుతున్నట్టే చెప్పారు.
ఎవరూ బల్ల చరచలేదు.

హాజరు ఇప్పుడు ఫోన్లో వెయ్యాలి, శాఖవారి యాప్.
రెండే గడులు: వచ్చాడు, రాలేదు.
పదిన్నరకి మూసుకుంటుంది.
ఇవాళ పదీ ఇరవై ఎనిమిది దాకా
వేలు పైనే ఉంచాను.
పదిన్నరకి అదే రాసేసుకుంది.

సెనోబియా పద్దెనిమిదో పుట తెరిచి
వెనక బెంచీ కోసం
పైకి చదవడం మొదలుపెట్టింది.